లాగని చిన్న ట్రాక్టరు: బోరు పనికి ముందు

వానలకు మామిడి చెట్ల కింద గడ్డి మోకాలెత్తు లేచినప్పుడే పాత చిన్న ట్రాక్టరు గుట్టు బయటపడుతుంది. ఖాళీ ట్రాలీ కట్టుకుని పరదరామి నుంచి గుడియాత్తం దాకా హాయిగా పోయివచ్చే బండి, వెనక స్లాషరు తగిలించి పచ్చిగడ్డిలోకి దింపగానే ముక్కుతుంది. గేరు తగ్గించినా నాలుగు చాళ్లు తిరిగేసరికి ఆగిపోతుంది. అక్కడి నుంచి సలహాలు మొదలు. ఫిల్టరు మార్చమంటాడొకడు. నాజిళ్లు పోయాయంటాడు ఇంకొకడు. పంపులో డీజిల్ కాస్త పెంచితే చాలని మూడోవాడు. చివరికి అందరూ చేరే తీర్మానం ఒకటే: బండి పాతది, బోరు పని చేయించాలి.

బోరు పని అంటే ఇంజను మొత్తం విప్పి లైనరు, పిస్టను, రింగులు, బేరింగులు మార్చడం, హెడ్డు విప్పి వాల్వులు రుద్దించడం. పాత చిన్న బండికి ఆ ఖర్చు, బండి అమ్మితే వచ్చే ధరలో చెప్పుకోదగ్గ వాటా. ఇంజను అరిగితే బలం తగ్గుతుంది, నిజమే. కాని బలం తగ్గిన ప్రతి ఇంజనూ అరిగినట్టు కాదు. షెడ్డులో వినిపించే ఆ సలహాల్లో ఏది ఎంతవరకు నిలుస్తుంది, ఏది ఏ వరుసలో చూడాలి అన్నదే ఇక్కడి చర్చ.

ముందు ఏ బండ్ల సంగతో చెప్పుకోవాలి. వాలిన మామిడి కొమ్మల కింద పెద్ద ట్రాక్టరు దూరదు. అందుకే తోటల్లో 15 నుంచి 25 హార్స్‌పవర్ బండ్లకు గిరాకీ. 1967లో మొదలైన బెంగళూరు కంపెనీ వి.ఎస్.టి., జపాను మిత్సుబిషి సాయంతో తెచ్చిన శక్తి ఎం.టి.180డి మూడు సిలిండర్ల బండి, 18.5 హార్స్‌పవర్. మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717 రెండూ ఒంటి సిలిండరువి, 15 హార్స్‌పవర్. వీటికి ముందుతరం ఐషర్. మన దేశంలో తయారైన తొలి ట్రాక్టరు 1959లో ఆ పేరుతోనే వచ్చింది. దాని ఒంటి సిలిండరు ఇంజనుకు రేడియేటరే లేదు, గాలితోనే చల్లబడుతుంది. ఆ వ్యాపారం 2005లో చెన్నై టాఫే చేతికి వెళ్లింది. ప్రభుత్వ రంగంలోని హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల తయారీకి 2016లో తెరపడింది. ఆ బండి ఉన్నవాళ్లకు విడిభాగాల వేట తప్పదు.

ఇవన్నీ డీజిల్ బండ్లు. పంపు, నాజిలు, గవర్నరు అన్నీ ఇనుముతో నడిచేవే, కంప్యూటరు లేదు. అమెరికాలో ఇళ్ల ముందు పచ్చిక కోసే చిన్న ట్రాక్టర్లు ఎక్కువగా పెట్రోలువి. అక్కడ బండి లాగకపోతే మొదట కార్బురేటరు, స్పార్కు ప్లగ్గు చూస్తారు. మన బండికి ఆ రెండూ లేవు కాబట్టి అక్కడి వీడియోలు చూసి ఇక్కడి ఇంజను మీద చెయ్యి వేయడం వృథా. ఈ వైపు పెద్దవాళ్లకు అంతకంటే మంచి చదువే ఉంది. కరెంటు మోటార్లు రాకముందు బావుల మీద ఆయిలింజన్లు నడిపినవాళ్లు పొగ చూసి, శబ్దం విని రోగం చెప్పేవారు. ఆ చదువులో చాలా భాగం ఈ బండ్లకూ వర్తిస్తుంది, అంతా కాదు.

అన్నిటికన్నా ముందు చేయవలసిన పని ఇంజను విప్పకుండానే అయ్యేది: డీజిల్ కొలవడం. ఇంజను బలమంతా కాలిన డీజిల్‌లోంచి వచ్చేదే. ఇలాంటి పాత ఇంజను పూర్తి బరువు మీద గంటకు ఒక్కో కిలోవాటుకు సుమారు 250 గ్రాముల డీజిల్ తాగుతుంది. 18 హార్స్‌పవర్ అంటే 13 కిలోవాట్ల పైచిలుకు. లెక్క కడితే గంటకు దగ్గర దగ్గర 4 లీటర్లు. తోటలో గడ్డి కోసేటప్పుడు మలుపులు, ఖాళీలు ఉంటాయి కాబట్టి ఆ అంకె ఎంతో కొంత తగ్గుతుంది. అయినా బండి ముక్కుతూ నడిచిన గంటలో తాగింది ఒకటిన్నర లీటరేనంటే ఇంజనుకు తిండి అందడం లేదన్నమాట. అదే గంటకు నాలుగు లీటర్లు తాగి కూడా లాగలేదంటే తిన్నది ఒంటబట్టడం లేదు, లేదా ఇంజను ఇచ్చిన బలం గడ్డిదాకా చేరకుండా దారిలోనే పోతోంది. ఈ రెండు దారులూ వేరు. మొదటిదాంట్లో ఉన్న బండికి బోరు పని చేయిస్తే కొత్త రింగులతో కూడా అది ముక్కుతూనే ఉంటుంది.

కొలిచే పద్ధతికి సామగ్రి అక్కర్లేదు. చదునైన చోట బండి నిలిపి ట్యాంకు అంచుదాకా నింపి, గంటసేపు కోసి, మళ్లీ అదే చోట నిలిపి లీటరు కొలతతో అంచుదాకా నింపితే చాలు. పోల్చుకోవడానికి అంకె కావాలంటే దారులు రెండున్నాయి. ఊళ్లో అదే మోడలు బండి బాగా నడుస్తున్నది ఒకటి దొరికితే అదే గడ్డిలో దాన్నీ కొలవడం మంచి దారి. రెండోది ప్రభుత్వ పరీక్షా నివేదిక. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. దక్షిణాదికి అలాంటి సంస్థే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. అక్కడ రైతులకు శిక్షణ కూడా ఇస్తారు. ఇలాంటి ట్రాక్టరు పరీక్షల నివేదికల్లో పి.టి.ఓ. (వెనక పనిముట్టును తిప్పే షాఫ్టు) దగ్గర ఎంత బలం వచ్చింది, ఏ ఆర్పీఎం దగ్గర వచ్చింది, గంటకు ఎంత డీజిల్ తాగింది అన్నీ ఉంటాయి. కంపెనీ కాగితం మీది హార్స్‌పవర్ ఇంజనుది, పి.టి.ఓ. దగ్గరికి వచ్చేసరికి అందులో 85 నుంచి 90 శాతమే మిగులుతుంది. ఇది తెలియక కొత్త బండిని కూడా బలహీనమైందని తిట్టేవాళ్లున్నారు.

తర్వాతి అంకె ఆర్పీఎం. బలం అంటే తిప్పే బిగువు, తిరిగే వేగం రెండూ కలిసినదే. 2,500 తిరగవలసిన ఇంజను 2,000 దగ్గరే ఆగిపోతే, లోపల అంతా బాగున్నా అయిదో వంతు బలం పోయినట్టే. పాత బండ్లలో థ్రాటిల్ కడ్డీ అతుకులు అరిగి వదులవుతాయి, కేబులు సాగుతుంది. చేతిలోని లీవరు చివరిదాకా లాగినా పంపు మీది చెయ్యి దాని చివరి స్క్రూను తాకదు. ఒకరు లీవరు లాగుతుంటే ఇంకొకరు పంపు దగ్గర నిలబడి చూస్తే నిమిషంలో తేలిపోయే సంగతి ఇది. డ్యాష్‌బోర్డు మీది మీటరు పని చేయకపోతే చేతిలో పట్టుకునే టాకోమీటరు మెకానిక్ దగ్గర ఉండాలి. లేకపోతే కొనుక్కోమని గట్టిగా చెప్పాలి. చెవితో ఆర్పీఎం చెప్పగలనన్న ధీమా నాకు ఏ మెకానిక్ దగ్గరా నచ్చదు.

ఇక ఇంజను బయటి దొంగలు. స్లాషరు కత్తులు మొద్దుబారితే గడ్డి తెగదు, చితుకుతుంది. అందుకు బలం ఎక్కువ కావాలి. వాన తడి ఆరని గడ్డిని నేలకు ఆనించి కోసినా అంతే. స్లాషరు గేర్‌బాక్సులో బేరింగు పట్టేసినా, కత్తుల కుదురు చుట్టూ తీగలూ గోనెపోగులూ చుట్టుకున్నా నింద ఇంజను మీదికే వస్తుంది. అందుకే ముందు స్లాషరు విప్పేసి బండిని గట్టులాంటి చిన్న ఎత్తు ఎక్కించి చూడాలి. ఇంజను శబ్దం పెరుగుతున్నా బండి ముందుకు కదలకపోతే క్లచ్చు జారుతోంది. వెనక చక్రం జాకీ మీద లేపి గేరు తీసి చేత్తో తిప్పితే బ్రేకు పట్టుకుని ఉందో లేదో తెలుస్తుంది. ఇంకొకటి చాలామంది చూడరు: హైడ్రాలిక్ లీవరు పైకొసన పెట్టి అలాగే వదిలేస్తే పంపు కీచుమంటూ నూనెను రిలీఫ్ వాల్వు గుండా తోస్తూనే ఉంటుంది. చిన్న ఇంజనుకు అది చిన్న దెబ్బేమీ కాదు.

ఇవన్నీ బాగుండి, డీజిల్ వాడకం కూడా తగ్గి ఉంటే తిండి దారి వెతకాలి. ఈ రకం జబ్బుకు గుర్తు పొగ లేకపోవడం. పొగ రంగుల గురించి షెడ్డుల్లో ఎంతో మాట్లాడుకుంటారు కాని, బరువు పడ్డప్పుడు గొట్టంలోంచి ఏ పొగా రాకుండా ఇంజను మెల్లగా చచ్చిపోవడం అన్ని రంగులకన్నా స్పష్టంగా మాట్లాడుతుంది. కాలడానికి లోపల డీజిల్ లేదు, అంతే.

ఆ దారి ట్యాంకు మూతతోనే మొదలవుతుంది. మూతలో గాలి దూరే సన్నని రంధ్రం దుమ్ముతో, జిడ్డుతో పూడిపోతే, డీజిల్ తగ్గే కొద్దీ ట్యాంకులో గాలి పలచబడి ధార సన్నగిల్లుతుంది. బండి పొద్దున బాగా నడిచి అరగంటకు నీరసించి, కాసేపు ఆపితే మళ్లీ లేచిందంటే ముందు మూత వదులు చేసి చూడాలి. దాని కింద ట్యాంకు అడుగు మడ్డి, కుళాయి, గాజుగిన్నె, గొట్టాల బోల్టుల్లో దాక్కున్న సన్నని జల్లెడ, తర్వాత ఫిల్టర్లు. కొత్త ఫిల్టరు వేసినా బాగుపడలేదని వాపోయేవాళ్లలో చాలామంది ఆ చిన్న జల్లెడను చూసి ఉండరు. రబ్బరు గొట్టాలు పాతబడితే బయట బాగానే ఉండి లోపలి పొర ఊడి మూసుకుంటుంది. ఒక గొట్టం కీలు దగ్గర గాలి పీలుస్తుంటే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది, ఇంజను తడబడుతుంది.

ఈ మొత్తాన్ని ఒకేసారి తేల్చే పరీక్ష ఒకటి పాత మెకానిక్‌లకు తెలుసు. శుభ్రమైన డీజిల్ నింపిన చిన్న డబ్బాను ఇంజనుకన్నా ఎత్తున, వేడి తగలని చోట గట్టిగా కట్టి, దాని గొట్టాన్ని నేరుగా ఫిల్టరు తర్వాత పంపుకు కలిపి, గాలి తీసి, బండిని గడ్డిలోకి దింపుతారు. లాగిందా, రోగం పంపుకు ఇవతలే ఉంది. ఇంజను ముట్టక్కర్లేదు. ఖర్చు ఒక గొట్టం. ఇంత తేలికైన పరీక్షను చేయకుండా పంపు విప్పి వేలూరుకో చిత్తూరుకో పంపే మెకానిక్‌ను నేనైతే రెండోసారి పిలవను.

ఇప్పుడు రెండో దారి: డీజిల్ తాగుతోంది, నల్లపొగ కక్కుతోంది, లాగడం లేదు. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే కనీసం 14.5 కిలోల గాలి కావాలి. లీటరుకు లెక్కవేస్తే ఆ గాలి సుమారు 10,000 లీటర్లు. నిజానికి డీజిల్ ఇంజనుకు అంతకన్నా ఎక్కువే కావాలి. గంటకు నాలుగు లీటర్లు తాగే ఇంజను ఎంత గాలి మింగుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. ఆ గాలంతా స్లాషరు లేపిన దుమ్ములోంచి, గడ్డి గింజల మధ్యనుంచి రావాలి. పాత బండ్లలో ఉండే నూనె తొట్టి ఫిల్టరును అలాంటి పనిలో రోజూ విప్పి చూడాలి. అడుగున బురద చేరితే కడిగి, గీతదాకా కొత్త నూనె పోయాలి. గీత దాటి పోస్తే ఇంకా ప్రమాదం: ఇంజను ఆ నూనెను పీల్చుకుని, ఒక్కోసారి లీవరు తగ్గించినా ఆగకుండా పరుగెడుతుంది. కాగితపు ఫిల్టరైతే కొట్టి దులిపే అలవాటు మానాలి. మడతలు చిరిగితే దుమ్ము నేరుగా లైనరులోకి పోయి, అప్పుడు నిజంగానే బోరు పని పడుతుంది. ఫిల్టరు తీసేసి తేడా చూడదలిస్తే షెడ్డు దగ్గర, దుమ్ము లేనిచోట, ఒక్క నిమిషం చాలు.

గాలి రావడమే కాదు, పోవాలి కూడా. కొమ్మలకు తగలకుండా పొగగొట్టాన్ని కిందికి వంచిన బండ్లలో దాని మూతి మట్టిలో కూరుకుపోతుంది. నెలల తరబడి నిలబెట్టిన బండి గొట్టంలో మట్టిగూడు కట్టే కందిరీగలు కాపురం పెడతాయి. సైలెన్సరు లోపలి తడిక విరిగి అడ్డం పడినా బయటికి కనిపించదు.

నల్లపొగ అంటే డీజిల్ ఎక్కువైందని కొందరు, నాజిలు పాడైందని కొందరు ఖాయంగా చెబుతారు. నల్లపొగ చెప్పేది ఒక్కటే: ఉన్న గాలికి, ఉన్న సమయానికి డీజిల్ సరిగా కాలలేదు. గాలి తక్కువా, నాజిలు చిమ్మే తీరు పాడా, బరువు మితిమీరిందా అన్నది పొగ చెప్పదు. వేడెక్కిన ఇంజనులో తెల్లపొగ వస్తే కాలని డీజిల్ అయినా కావచ్చు, హెడ్ గ్యాస్కెట్ దాటి వచ్చిన నీరైనా కావచ్చు. రేడియేటరులో నీరు తగ్గుతోందేమో చూస్తే తేడా తెలుస్తుంది. నీలిపొగ ఇంజనాయిలు కాలుతోందనడానికి గుర్తు. ఆయిలు కాల్చే బండి కూడా చాలాసార్లు లాగుతూనే ఉంటుంది; నీలిపొగ చూసి బలం తగ్గడానికి అదే కారణమని తేల్చకూడదు.

పంపు పెంచే వైద్యం గురించి ఇక్కడే చెప్పాలి. పంపులో డీజిల్ గరిష్ఠ మోతాదును కట్టడి చేసే స్క్రూ ఉంటుంది, దానికి సీలు వేసి ఉంటుంది. ఆ సీలు తెంచి రెండు చుట్లు తిప్పితే బండి ఆ పూట ఉత్సాహంగా లాగినట్టే ఉంటుంది. కాని గాలి పెరగలేదు. పెరిగిన డీజిల్‌లో చాలా భాగం మసిగా మారుతుంది, పొగ వేడెక్కుతుంది, పిస్టను తల మాడుతుంది, మసి ఆయిలులో కలిసి బేరింగులను తింటుంది. పంపు పెంచడం నీరసించిన ఎద్దుకు గడ్డి వేయకుండా ముల్లుగర్ర పొడవడమే. కంపెనీ కొలతకన్నా పంపు తక్కువ పోస్తోందని పరీక్ష బల్ల మీద తేలితే సరిచేయించడం వేరు. బండి మీదే అంచనాతో తిప్పడాన్ని ఈ సమీక్ష ఏ షరతుతోనూ సమర్థించదు.

నాజిళ్ల విషయం కొంత సులువు. మూడు సిలిండర్ల బండిలో, ఇంజను ఖాళీగా మెల్లగా తిరుగుతున్నప్పుడు ఒక్కో నాజిలుకు వెళ్లే ఉక్కుగొట్టం నట్టును కొద్దిగా వదులు చేసి మళ్లీ బిగించాలి. బాగున్న సిలిండరు నట్టు వదిలితే ఇంజను తడబడుతుంది. వదిలినా తేడా రాకపోతే ఆ సిలిండరు అప్పటికే పడుకుంది. మూడింట ఒకటి పడుకుంటే పోయేది మూడోవంతు కన్నా ఎక్కువ, ఎందుకంటే చచ్చిన సిలిండరును మోయడం కూడా మిగతా రెండింటి పనే. ఆ నాజిలును పక్కదానితో మార్చి చూస్తే, జబ్బు నాజిలుతోపాటు జరిగిందా, సిలిండరులోనే ఉండిపోయిందా తేలుతుంది. ఒంటి సిలిండరు బండికి ఈ సౌకర్యం లేదు. నాజిలు విప్పి పంపు షాపులో ఒత్తిడి పరీక్ష చేయించాలి. ఇంజను రకాన్నిబట్టి చదరపు సెంటీమీటరుకు 120 నుంచి 200 కిలోల పైచిలుకు ఒత్తిడి దగ్గర సన్నని తుంపరగా చిమ్మి, చివర చుక్క కారకుండా ఆగాలి. ఆ తుంపర ముందు చెయ్యి ఎప్పుడూ పెట్టకూడదు. అది చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటంత గాయమే కనిపించినా వేలు తీసేయవలసి రావచ్చు. అలా తగిలితే ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి.

పంపు విప్పి బిగించాకే బలం తగ్గిందంటే టైమింగు అనుమానించాలి. చిన్న జపాను రకం ఇంజన్లలో పంపు కింద పలచని షిమ్‌లు ఉంటాయి. విప్పినప్పుడు ఒకటి జారి పోయినా, అదనంగా ఒకటి వేసినా డీజిల్ పడే క్షణం మారిపోతుంది. ముందు పడితే ఇంజను గట్టిగా కొట్టుకుంటుంది, ఆలస్యమైతే మెత్తగా నడిచి పొగతో వేడెక్కుతుంది.

వేడి కూడా బలాన్ని తింటుంది. గడ్డి కోసే బండి రేడియేటరు రేకుల మధ్య గడ్డి నూగు నిండిపోతుంది, ఐషర్ లాంటి గాలి ఇంజన్లలో సిలిండరు రెక్కల మధ్య జిడ్డు, పొట్టు గట్టిపడుతుంది. లోపలి వైపు నుంచి బయటికి గాలి ఊదాలి. బయటి నుంచి ఊదితే చెత్త ఇంకా లోపలికి దిగుతుంది.

ఇవన్నీ దాటాక మిగిలేది కంప్రెషను. ఇక్కడ కూడా రింగుల కన్నా ముందు ట్యాపెట్లు చూడాలి. వాల్వు కూర్చునే చోటు అరిగిన కొద్దీ ట్యాపెట్టు సందు తగ్గి, వాల్వు పూర్తిగా మూసుకోక కంప్రెషను కారిపోతుంది. ఆ సందు పావు మిల్లీమీటరు దగ్గరలో ఉండే కొలత, బండి పుస్తకం చూసి ఫీలర్ గేజితో సరిచేయవలసింది. గంటలో అయ్యే పని. తర్వాత కంప్రెషను మీటరు పెట్టి ప్రతి సిలిండరూ కొలవాలి. అంకె తక్కువ వచ్చి, ఆయిలు పోసే మూత తీస్తే పొగ బుసబుసమని కొడుతూ, పొద్దున స్టార్టింగు కష్టమై, ఆయిలు తరుగుతూ ఉంటే అప్పుడు బోరు పనికి అడ్డు చెప్పవలసింది ఏమీ లేదు. ఈ నాలుగూ ఒకచోట కలిసినప్పుడు వాయిదా వేయడమే నష్టం.

చిత్తూరు, గుడియాత్తం రెండూ 1911 దాకా ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు రాష్ట్రాలు వేరైనా పరదరామి మీదుగా రెండు వైపులకూ బస్సులు నడుస్తాయి కాబట్టి ఈ ఊరి రైతుకు ఒకే షెడ్డు మాట నమ్మవలసిన అవసరం లేదు. బోరు పనికి బండి ఇచ్చే ముందు మెకానిక్‌ను మూడు అంకెలు కాగితం మీద రాసి ఇమ్మనండి: ఖాళీగా ఇంజను గరిష్ఠ ఆర్పీఎం ఎంత, గంట కోతకు తాగిన డీజిల్ ఎంత, ఒక్కో సిలిండరు కంప్రెషను ఎంత. అంకెలు ఇవ్వలేనివాడికి ఇంజను విప్పే అనుమతి ఇవ్వకండి.